ఇంట్లో చదువు, బయట పరీక్ష

ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిన ఇంటి మాస్టారు ఎవరయ్యా అంటే గిరీశమే. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని వెంటబెట్టుకుని, సెలవుల్లో చదువు చెబుతానన్న వంకతో కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో మకాం పెట్టాడు. గురువూ శిష్యుడూ ఇంగిలీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడింది. ఇద్దరూ నోటికొచ్చిన ఇంగిలీషు ముక్కలు ఒకరి మీదకొకరు విసురుకున్నారు. ఆ తల్లి పొంగిపోయింది. 1892లో విజయనగరంలో ఆడిన గురజాడ అప్పారావు నాటకం 'కన్యాశుల్కం' అది, అచ్చయింది 1897లో. అప్పటికి విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఊరే.

కలిగిన ఇంట్లో పిల్లవాడికి ఓ మాస్టార్ని పెట్టుకోవడం ఆనాడు ఎవరికీ వింత కాదు. గురజాడ నవ్వించిన చోటు వేరు. ఇంట్లో జరిగే చదువు నిజంగా చదువో కాదో తేల్చే నాథుడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు, అక్కడే నవ్వొస్తుంది. ఇంటి చదువు చరిత్ర తిరగేసినకొద్దీ నాకు ఇదే ముడి మళ్ళీ మళ్ళీ తగులుతోంది. పాఠం ఇంట్లో ఎవరైనా చెప్పవచ్చు. చదివాడన్న కాగితం మాత్రం బయటివాళ్ళే ఇవ్వాలి. ఆ కాగితం ఇచ్చే తలుపులు ఎప్పుడు మూసుకున్నాయి, ఎప్పుడు తెరుచుకున్నాయి అన్నదే అసలు కథ.

ఇప్పుడు ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామా అని ఆలోచిస్తుంటే, పెద్దవాళ్ళు "ఇదేం అమెరికా పిచ్చి" అంటున్నారు. హోమ్ స్కూలింగ్ అన్న పేరు అక్కడిదే, సందేహం లేదు. పని మాత్రం మనకి కొత్త కాదు. దానికి సాక్ష్యం ఇంగ్లీషు దొరల దస్తరాల్లోనే ఉంది.

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన కలెక్టర్లందరికీ ఒక ప్రశ్నావళి పంపించమన్నాడు. రాయలసీమలో మండ్రోలయ్యగా జనం నోళ్ళలో మిగిలిపోయిన మన్రోయే. మీ జిల్లాలో బడులెన్ని, వాటిలో చదివే పిల్లలెందరు, ఏ కులాలవాళ్ళు, ఆడపిల్లలెందరు, బడి ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగాడు. జవాబులు రావడానికి మూడేళ్ళు పట్టింది. ప్రెసిడెన్సీ మొత్తానికి తేలిన బడులు 12,498, జనాభా సుమారు కోటీ ఇరవై ఎనిమిది లక్షలు. అంటే ప్రతి వెయ్యిమందికీ ఒక బడి. విశాఖపట్నం జిల్లా లెక్క 914 బడులు. పక్కన గంజాం 255, రాజమండ్రి 291 చూపించాయి కాబట్టి మన జిల్లా తీసిపోలేదు.

అసలు విశేషం మద్రాసు పట్నం నుంచి వచ్చిన జవాబులో ఉంది. అక్కడి కలెక్టరు బడి పిల్లల్నే కాక, ఇళ్ళలో చదువుకునే పిల్లల్ని కూడా లెక్కించాడు. ఆ సంఖ్య దాదాపు 27 వేలు, బడికి వెళ్ళేవాళ్ళకి సుమారు అయిదింతలు! మన్రోకే నమ్మబుద్ధి కాలేదు. 1826 మార్చి 10న రాసిన మినిట్లో, ఈ అంకెలో ఏదో పొరపాటు ఉండవచ్చునన్నాడు. అంటూనే, బంధువుల దగ్గరో సొంతంగా పెట్టుకున్న గురువుల దగ్గరో ఇంట్లోనే చదువుకోవడం ఈ దేశంలో ఏ మూల చూసినా ఉన్నదేనని ఒప్పుకున్నాడు. వాళ్ళని కూడా కలుపుకుంటే మగపిల్లల్లో నాలుగో వంతు కంటే మూడో వంతుకి దగ్గరగా చదువు అందుతోందని అంచనా కట్టాడు. మిగతా కలెక్టర్లలో చాలామంది ఇంటి చదువుల లెక్క పంపలేదు. మన జిల్లాలో ఎందరు అలా చదువుకున్నారో ఆ 914 బడుల లెక్కలో కనబడదు. ఈ కాగితాలన్నీ ధరంపాల్ 1983లో పుస్తకంగా తెచ్చేదాకా ఎక్కువమంది కంటబడలేదు.

బడికీ ఇంటికీ మధ్య గీత కూడా అప్పట్లో ఇంత స్పష్టంగా లేదు. వీధిబడి అంటే సగం సార్లు ఎవరో ఒక గృహస్థు ఇంటి అరుగే. ఆ ఇంటివాళ్ళు తమ పిల్లల కోసం పంతుల్ని పెట్టుకుంటే, పక్కిళ్ళవాళ్ళు తమ పిల్లల్ని కూడా అక్కడే కూర్చోబెట్టేవారు. అయిదో ఏట పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం. తరవాత ఇసకలో వేలితో దిద్దిన గుంట ఓనమాలు, గుణింతాలు, ఎక్కాలు, నోటికి శతకాలు, ఆపైన అమరం. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాసేవరకూ పిల్లల కోసమని అచ్చుపుస్తకం అంటూ పెద్దగా లేదు. అదే పెరిగి పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. నేటికీ పుస్తకాల కొట్లో అడిగితే ఇస్తారు. ఇంట్లో చదువు చెప్పదలచినవాళ్ళకి తెలుగులో మొట్టమొదటి కిట్ అదేనంటాను. అక్షరాలు, లెక్కలు, నీతులు, సంవత్సరాల పేర్లు, కొలతలు, పద్యాలు అన్నీ రెండట్టల మధ్యే.

ఆ రోజుల్ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. పంతులికి కోపమొస్తే కోదండం వేసేవాడు. దూలానికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడాలి. కాళ్ళు కిందకి ఆనితే బెత్తం. మన్రో లెక్కల్లో ఆడపిల్లల గడి చాలా జిల్లాల్లో దాదాపు ఖాళీ. అంటరానివాళ్ళంటూ దూరం పెట్టిన కులాలని అరుగు మీదకి రానిచ్చే పనే లేదు. ఇక బతుకుతెరువు చదువులు పూర్తిగా ఇంట్లోనే సాగేవి. కరణం కొడుక్కి దస్తరం రాత తండ్రి దగ్గర, కోమటి పిల్లవాడికి ఆవర్జా చిట్టా కొట్లో. పద్దెనిమిదో శతాబ్దంలో దంతపు నగిషీ పెట్టెలకీ కుర్చీలకీ విశాఖపట్నం పేరు సీమదాకా పాకిందంటే, ఆ పని కంసాలి ఇళ్ళలో తండ్రి నుంచి కొడుకు అందుకున్నదే. జాలరిపేటలో గాలి వాలు, నీటి రంగు చూసి వల వేసే విద్యకి నేటికీ బడి లేదు.

మరి ఈ ఇంటి చదువు ఎక్కడ దెబ్బతింది? చదువు చెప్పేవాళ్ళు కరువై కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకుని బడులు పెట్టారు. 1860లో వెలిసిన ఆంగ్లో వెర్నాక్యులర్ స్కూలు తరవాత ఏవీఎన్ కాలేజీ అయింది. ఇవి వచ్చినంత మాత్రాన అరుగు బడులు మూతపడలేదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టి మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టింది. కచేరీలో గుమాస్తాగిరీకి కూడా ఆ కాగితం కావలసివచ్చింది. అమరకోశం మొత్తం అప్పజెప్పగలిగినవాడికి ఉద్యోగం లేదు, మెట్రిక్ ప్యాసయిన అరకొరవాడికి ఉంది. తండ్రులు లెక్క వేసుకున్నారు, పిల్లల్ని బడికి పంపారు. అంతే జరిగింది. వెంకటేశం తప్పిన పరీక్ష కూడా ఆ వరసలోదే.

ఆ కాగితానికీ ఇంటి చదువుకీ జరిగిన పేచీలో ఎక్కువ మంది తలుచుకోని తెలుగు కుర్రాడొకడున్నాడు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖలో తాసిల్దారుగా చేసి రిటైరయ్యాడు. 1909 మొదట్లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం కొలువుకి పిల్లల్ని తీసుకుని వెళ్ళాడు. పిల్లలు మైలాపూరు దాకా నడిచి బడికి వెళ్ళేవారు. కృష్ణమూర్తి పాఠం ఒంటబట్టక, ఎటో చూస్తూ కూర్చునేవాడు. మాస్టారి దెబ్బలు రోజూ ఉండేవి. క్లాసు నుంచి బయటికి గెంటితే వరండాలోనే నిలబడిపోయేవాడట. సమాజంలో పెద్దవాడైన లెడ్‌బీటర్ ఈ సంగతి తెలుసుకుని, తండ్రిని ఒప్పించి, అన్నదమ్ముల్ని బడి మాన్పించాడు. తండ్రికి అంత ఇష్టం లేదు. అడయారులోనే తలా ఒక పాఠం చెప్పే పెద్దలు దొరికారు. ఇంగ్లీషు, లెక్కలు, ఈత, సైకిలు, తెల్లవారి వ్యాయామం. చాలామటుకు ఈనాటి హోమ్ స్కూలింగ్ టైంటేబుల్ లాగే ఉంటుంది.

తరవాత గొడవ కోర్టుకెక్కింది. 1912లో నారాయణయ్య తన కొడుకుల్ని తనకిప్పించమని, వాళ్ళని తన సంరక్షణలో ఉంచుకున్న సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటు మీద దావా వేశాడు. మద్రాసు కోర్టు తండ్రి వైపు తీర్పిచ్చింది, 1914లో ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. దావా పిల్లల సంరక్షణ గురించే తప్ప చదువు గురించి కాదనుకోండి. అయినా బిడ్డ చదువు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఆ కాగితాల వెనక నుంచి తొంగి చూస్తూనే ఉంటుంది. ఇంతకీ ఆ ఇంటి చదువు గట్టెక్కించిందా? ఇంగ్లండు వెళ్ళిన కృష్ణమూర్తి లండన్ మెట్రిక్ ఒకటికి రెండుసార్లు రాసి తప్పాడు. ప్రపంచం ఆయన మాట వినడానికి మెట్రిక్ అడ్డురాలేదు, అది వేరే సంగతి. 1920లలో మదనపల్లె దగ్గరే స్థలం ఎంచుకుని పెట్టించిన రిషీవ్యాలీ బడిలో బెత్తం లేకపోవడానికీ మైలాపూరు వరండాకీ మాత్రం సంబంధం ఉందని నా నమ్మకం.

అదే కాలంలో బెత్తం మీద మరో తెలుగువాడు కలం పట్టాడు. బడుల తనిఖీ ఉద్యోగం చేసిన గుడిపాటి వెంకటచలం. లోపలి సంగతి కళ్ళారా చూసినవాడు కాబట్టి, పిల్లల్ని కొట్టి తిట్టి పెంచడం మీద ఆయన 'బిడ్డల శిక్షణ'లో రాసింది ఇవాళ చదివినా ఇంట్లో పెద్దవాళ్ళు ఇబ్బందిగా కదులుతారు. హోమ్ స్కూలింగ్ మొదలుపెడదామనుకునేవాళ్ళు అమెరికా పుస్తకాలకంటే ముందు దీన్ని చదవాలి.

ఆడవాళ్ళ కథ ఇంకో రకం. వాళ్ళకి ఇల్లు ఎంపిక కాదు, గతి. 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని పట్టుకుంది. తెలుగు, హిందీ అలా వచ్చినవే. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి', గురజాడ 'దిద్దుబాటు' కంటే ఎనిమిదేళ్ళు ముందుది. ముప్ఫై ఏళ్ళు దాటగానే పోయింది. ఆమెకి ఏ డిగ్రీ లేదు, అడిగినవాళ్ళూ లేరు.

ఒక తరం తరవాత వచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి కాగితం లేకుండా కుదరలేదు. ఇంగ్లీషు చదువు వద్దని చిన్నతనంలోనే బడి మానేసి, హిందీ నేర్చుకుని, కాకినాడలో తన ఈడు ఆడపిల్లలకి, అమ్మలకి హిందీ పాఠశాల పెట్టింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైళ్ళకి వెళ్ళొచ్చాక చదువుకోవాలన్న పట్టుదల వచ్చింది. అప్పటికి ఇరవై దాటిన ఆడమనిషిని ఏ హైస్కూల్లో కూర్చోబెడతారు? బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా కట్టుకునే వీలు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కి ఉంది. ఇంట్లో చదివి ఆ పరీక్ష ప్యాసయింది. ఆపైన బి.ఎ. ఆనర్సుకి వాల్తేరు వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆవిడ ఊరుకోలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే తెలపండని పత్రికలో ప్రకటన వేసి, వచ్చినవాళ్ళని కూడగట్టి, వసతి ఏర్పాటు చేసుకుని మరీ చేరింది. మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభలో వితంతువుల్ని, బడి మానిన పిల్లల్ని కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేసింది. తాను దూరిన తలుపు వెనక మూసుకుపోకుండా పట్టుకుందన్నమాట. తెలుగునాట ఓపెన్ స్కూలుకి మూలపురుషులెవరని అడిగితే నేను ఏ కమిటీ పేరూ చెప్పను, దుర్గాబాయి పేరు చెబుతాను.

అక్కడి నుంచి 'ప్రైవేటుగా కట్టడం' అన్నది మన మధ్యతరగతి మాటల్లో మాటైపోయింది. ఆంధ్రా మెట్రిక్, విద్వాన్, భాషాప్రవీణ. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ళ ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, నలుగురు ఆడవాళ్ళు ఒకావిడ ఇంటి ముందుగదిలో చాప వేసుకుని కూర్చుని చదివి, ఫిబ్రవరిలోనో ఆగస్టులోనో వెళ్ళి పరీక్ష రాసొచ్చేవారు. అలా చదివి హిందీ పండిట్లుగా ఉద్యోగాల్లో చేరి ఇళ్ళు నిలబెట్టినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. విశాఖలో ఇప్పటికీ ట్యూషన్‌ని 'ప్రైవేటు' అనే అంటారు.

1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటిది. పదో తరగతి కాగితం కూడా లేనివాడు అర్హత పరీక్ష ఒక్కటి రాసి నేరుగా డిగ్రీలో చేరవచ్చునంది. ఎంతమంది లారీ డ్రైవర్లు, హోంగార్డులు, గృహిణులు ఆ తలుపులోంచి వెళ్ళారో! దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డినే ఢిల్లీ పిలిపించుకుని 1985లో ఇగ్నో అప్పజెప్పింది. చిన్న తరగతుల విషయానికొస్తే, 1979లో సీబీఎస్ఈ ప్రాజెక్టుగా మొదలైన ఓపెన్ స్కూలు 1989లో జాతీయ సంస్థగా విడిపోయి, 2002 నుంచి ఎన్ఐఓఎస్ అన్న పేరుతో నడుస్తోంది. రాష్ట్రంలో 1991లో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. ఇవేవీ ఇంటి చదువులవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. పనికెళ్ళి బడి మానిన పిల్లల కోసం కట్టారు. ఇంటి చదువులవాళ్ళు అందులో చోటు చూసుకున్నారు.

అమెరికా కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1964లో జాన్ హోల్ట్ అనే మాస్టారు పిల్లలు బడిలో ఎందుకు ఓడిపోతున్నారో ఒక పుస్తకం రాశాడు. 1971లో ఇవాన్ ఇలిచ్ అసలు బడే వద్దన్నాడు. బడిని బాగుచేయడం తనవల్ల కాదని తేల్చుకున్న హోల్ట్ 1977లో బడి లేకుండా పెరిగే పిల్లల కోసం పత్రిక పెట్టాడు. చర్చిలవాళ్ళు వాళ్ళ కారణాలతో వాళ్ళు కలిశారు. 1993 వచ్చేసరికి అక్కడి అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. జర్మనీలో నేటికీ నిషేధం. మన రాష్ట్రాల్లో దీనికి బాగా పేరొచ్చింది హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ వల్ల. తల్లిదండ్రులే ఇంట్లో చెప్పి, ఎనిమిదేళ్ళకి పదో తరగతి, పదమూడేళ్ళకి డిగ్రీ ప్యాస్ చేయించారు. ఆ అమ్మాయి గొప్పదే. కానీ ఆ వార్త చదివి పిల్లవాణ్ణి బడి మాన్పించేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. తొందరగా ముగించడానికి ఇంటి చదువు ఎంచుకుంటే కార్పొరేట్ కాలేజీనే ఇంట్లోకి తెచ్చుకున్నట్టు.

చట్టం మాటేమిటి? చదువుకునే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002 రాజ్యాంగ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బిడ్డని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి ఇదీ శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఢిల్లీలో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒకతె ఇంటి చదువుకి గుర్తింపు కావాలని హైకోర్టుకి వెళితే, 2012లో కేంద్రం మొదట మాకు అభ్యంతరం లేదంది, తరవాత ఆ మాట వెనక్కి తీసుకుంది. కాబట్టి ఇంటి చదువుకి చట్టంలో నిషేధమూ లేదు, గుర్తింపూ లేదు. ఇంటి చదువుని గుర్తించడానికి ప్రభుత్వానికున్న ఈ అనుమానం న్యాయమైనదే అనిపిస్తుంది నాకు. బడి తప్పనిసరి కాకపోతే పదమూడేళ్ళ ఆడపిల్లని 'ఇంట్లో చదువుకుంటోంది' అని చెప్పి పెళ్ళి చేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

2020లో బడులన్నీ మూసినప్పుడు అందరం హోమ్ స్కూలింగ్ చేశామని కొందరంటారు. అది ఫోనులో నడిచిన బడి. ఇంటి చదువు కాదు. ఫోను లేని ఇళ్ళలో ఏ చదువూ లేదు.

విశాఖ సంగతి కాస్త వేరు. ఈ ఊరికి పరిశ్రమ వచ్చినప్పుడల్లా బడి వెంటపెట్టుకొచ్చింది. 1933లో పోర్టు, తరవాత షిప్‌యార్డు, 1968లో తూర్పు నౌకాదళ కేంద్రం, 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసిన ఉక్కు కర్మాగారం, దానికో ఉక్కునగరం. క్వార్టర్సు, ఆసుపత్రి, బడి ఒక ప్యాకేజీ. బదిలీలమీద తిరిగే నేవీ ఉద్యోగుల పిల్లలకి కేంద్రీయ విద్యాలయాలు. బడి అంత చేరువగా ఉన్న ఊళ్ళో ఇంటి చదువు ఎంచుకున్నవాళ్ళు తక్కువే, ఎంచుకున్నవాళ్ళకి వసతులు ఎక్కువే. బి షిఫ్టులో ఉన్న తండ్రి మధ్యాహ్నం రెండింటిదాకా ఇంట్లోనే ఉంటాడు. లెక్కలు చెప్పడానికి అంతకంటే మంచి వేళ ఉండదు. బీచిలో కురుసురా జలాంతర్గామి లోపలికి దూరి ఓ గంట గడిపితే భౌతికశాస్త్రంలో నాలుగు పాఠాలు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, బావికొండ. సింహాచలం గుడి గోడల మీద వందల శాసనాలు, కృష్ణదేవరాయలు 1516లో వేయించినది సహా. వాటి ముందు పిల్లవాణ్ణి నిలబెట్టి ఒక్క అక్షరం పోల్చమనండి.

ఇంతా విని మొదలుపెడదామనుకుంటే ముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోవాలి. ఎవరి టైము పోతుంది? చాలా ఇళ్ళలో అమ్మ ఉద్యోగం మానేయడానికే హోమ్ స్కూలింగ్ అని పేరు పెడుతున్నారు. అది ఆవిడ ఇష్టమైతే సరే, అత్తగారి ఇష్టమో మొగుడి ఉత్సాహమో అయితే వద్దు. బడి మీద కోపంతో జూన్‌లో మాన్పించిన పిల్లవాడు దసరాకల్లా ఇంట్లో అందరికీ కోపం తెప్పిస్తాడు. మొదటి రెండు మూడు నెలలు పాఠాలేవీ పెట్టకండి. బడి గంట అలవాటు వదలడానికి ఆ మాత్రం పడుతుంది. ఆ తరవాత కూడా పదేళ్ళలోపు పిల్లలకి రోజుకి రెండు గంటలు చాలు. ఎదురుగా ఒక్కడే కూర్చుంటే బడిలో వారం పట్టే పాఠం రెండు రోజుల్లో అవుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. తెలుగు మాత్రం వాయిదా వేయకండి, ఇంట్లో చదివే పిల్లవాడికి తెలుగు రాకపోతే ఆ ఇల్లు చేసిన పనేమిటి? సాయంత్రం మాత్రం వీధిలో వదిలేయండి. తోటిపిల్లలతో పోట్లాడి రాజీపడడం ఏ అమ్మా చెప్పలేని పాఠం.

కాగితాల సంగతి మరవొద్దు. బడి మాన్పిస్తే టీసీ, అంతవరకూ చదివిన స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని దాచండి. సీబీఎస్ఈ పదో తరగతికి బడితో సంబంధం లేని పిల్లవాడు మామూలుగా నేరుగా కట్టలేడు. మిగిలిన దారి ఎన్ఐఓఎస్ లేదా రాష్ట్ర ఓపెన్ స్కూలు, డబ్బున్నవాళ్ళకి కేంబ్రిడ్జి పరీక్షలు. ఎన్ఐఓఎస్‌లో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకి సమానమైన పరీక్షలూ ఉన్నాయి. పదికి పద్నాలుగేళ్ళు నిండాలి. ఒకసారి చేరితే అయిదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, సబ్జెక్టు తరవాత సబ్జెక్టు కట్టుకోవచ్చు. ఓపెన్ స్కూలు వాళ్ళు డాక్టరీకి పనికిరారన్న నిబంధనని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది, బయటి పుస్తకాలేవీ చెప్పవు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కాలేజీ సీటుకి స్థానికుడు అనిపించుకోవాలంటే అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినట్టు చూపాలి. ఏ బడిలోనూ చదవనివాళ్ళు ఆ నాలుగేళ్ళూ అక్కడే నివాసమున్నట్టు చూపాలి. అంటే తాసిల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం. విశాఖలో ఉంటూ ఆధార్, రేషన్ కార్డు ఇంకా సొంతూరి పేరు మీదే ఉంచుకున్నవాళ్ళు ముందే సరిచేసుకోవాలి. ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ వరసలో నిలబడి తెలుసుకుంటే చేయగలిగిందేమీ ఉండదు.

ఏడాది చూసి కుదరకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లవాణ్ణి వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. సంవత్సరం మధ్యలో వెళ్ళినా కాదనకూడదు. మీ వీధి చివర ప్రభుత్వ బడి హెడ్‌మాస్టార్ని వెళ్ళి కలిసి, ఈ సంగతి మాట్లాడి ఉంచుకున్నాకే ఇంట్లో పలక తియ్యండి.